మెట్ల కింద ఇస్త్రీ బల్ల

సబ్బు వాసన లేదు, చెమట వాసనా లేదు, మరి ఈ చొక్కా ఎక్కడ మాసి ఏ నీళ్ళలో ఉతికినట్టు, అనుకుంది మామ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని మళ్ళీ ఒకసారి వాసన చూస్తూ, ఉతికిన బట్టకి సబ్బు వాసన ఉంటుంది, ఎండలో ఆరితే ఎండ వాసన ఉంటుంది, ఎండే మొహం చాటేసిన ఈ చలికాలంలో గదిలో తాడు మీద ఆరితే పొయ్యి పొగా తడి గోడా కలిసిన ముక్కిన వాసన ఉంటుంది, ఏదో ఒకటి ఉండి తీరాలి కదా, ఇదేమో ఉత్త నీళ్ళు చల్లి పిండినట్టు చప్పగా ఉంది, కాలరు మడతలో మాత్రం బొగ్గు వాసన, అది ఇంకెవరిదో కాదు తన బొగ్గు వాసనే, తన ఇస్త్రీ పెట్టెలోంచి వచ్చే ఆ పొడి వెచ్చటి వాసనే, తన చేతులకీ తలవెంట్రుకలకీ పట్టుకుని ఏళ్ళ తరబడి వదలనిది, అంటే ఈ చొక్కా తన చేతి కింద నుంచి వెళ్ళి మళ్ళీ తన చేతి కిందికే వచ్చిందన్నమాట, మధ్యలో ఎవరి ఒంటి మీదా పడలేదు, నిన్న డ్రైవరు ఇంటి నుంచి వచ్చిన ప్యాంటూ అంతే, అంతకు ముందు మూడో అంతస్తు టైలరు పంపిన కోటూ అంతే, ఇంక సందేహమెందుకు, ఇస్త్రీ నిలవడం లేదు, ఇంటికి తీసుకెళ్ళి విప్పి చూసేసరికి ముడతలన్నీ లేచి కూర్చుంటున్నాయి, పాపం మర్యాదస్థులు, మామ్మా నీ చెయ్యి పోయింది అని మొహాన అనలేక, తొడిగి ఉతికిన బట్టల్లా నలిపి మళ్ళీ పంపుతున్నారు, మళ్ళీ చేయించుకుంటున్నారు, ఇంత నటన తన కోసం.

బల్ల మీద పరిచిన కంబళి మడతని అరచేత్తో సరిచేసింది, ఎడమచేత్తో, పుట్టింది లగాయతు ఎడమచెయ్యి వాటమే, చిన్నప్పుడు అమ్మ ఎంత కొట్టినా మారలేదు, అత్త మాత్రం మొదటి రోజే చూసి నీకు ఆ చెయ్యే వస్తే ఆ చేత్తోనే చెయ్యి, బట్టకి చెయ్యి తెలుస్తుందా, వేడి తెలుస్తుంది అంది, ఈ బల్ల వెనక ఈ మెట్ల కిందే, పైన ఎవరు దిగినా ఎవరు ఎక్కినా నెత్తి మీద నడిచినట్టే ఉండే ఈ జాగాలోనే నిలబడి, అత్తది పెద్ద నోరు, పెద్ద చెయ్యి, పెద్ద మనసు కూడా, కానీ చివరి రోజుల్లో ఆవిడకీ ఇదే జరిగింది, అచ్చం ఇదే, పొద్దున వెళ్ళిన బట్టలు సాయంత్రానికి వెనక్కి వచ్చేవి, ఆవిడ చూడకుండా తను వంటగదిలో నేల మీద పరిచి మళ్ళీ చేసేది, ఆవిడకి తెలిసిపోయింది, తెలియదా మరి, ఒకరోజు పెట్టె తెచ్చి తన ముందు పెట్టి, చెయ్యి పోయిన రోజున పెట్టె దించెయ్యాలే పిల్లా, ముడతల బట్ట ఇచ్చి రొట్టె తినకూడదు అంది, అంతే, మళ్ళీ ముట్టుకోలేదు, ఆ మాట ఇన్నాళ్ళు ఎక్కడ దాక్కుందో గానీ ఈ నాలుగు రోజుల నుంచీ నీళ్ళు చల్లే డబ్బా తీసిన ప్రతిసారీ చెవిలో వినబడుతోంది.

అత్తయ్యా నిప్పులు రాజుకున్నాయి, అంటూ కోడలు కుంపటి తెచ్చి కింద పెట్టింది, చలికి దాని ముక్కు ఎర్రబడి పండినట్టుంది, పొద్దున బకెట్లో నీళ్ళ మీద గాజు పలకలా మంచు కడితే చెంబుతో కొట్టి పగలగొట్టుకోవలసి వచ్చింది, అలాంటి నీళ్ళలో చేతులు ముంచి ముంచి ఆ పిల్ల వేళ్ళు పగుళ్ళు వేశాయి, మామ్మ పట్టుకారుతో ఒక్కొక్క నిప్పూ పెట్టెలో వేసుకుంటూ, పెట్టె కొంటానన్న ఆ కొట్టు మనిషి ఎప్పుడొస్తానన్నాడే అని అడిగింది, మధ్యాహ్నం అన్నాడు గానీ ఈవేళ వద్దులెండి అత్తయ్యా, చలి తగ్గాక చూద్దాం, ఇత్తడి ఎక్కడికీ పారిపోదుగా అంది కోడలు, నిన్నా ఇదే మాట, మొన్నా ఇదే మాట, ఈ పిల్లకి ఈ పెట్టె మీద ఇంత మమకారం ఎప్పటి నుంచో, పెళ్ళయిన కొత్తలో ఈ బొగ్గు మసి నాకొద్దు బాబోయ్ అని మొగుడి దగ్గర గొణిగింది తను విననిదా, ఇప్పుడేమో పెట్టె ఎత్తితే చాలు కళ్ళలో వత్తులు వేసుకుని కాపలా కాస్తోంది, ఆ పాత సామాన్ల కొట్టు మనిషి ఎవరి కోసం కొంటున్నాడో తెలుసా, ఎవరో హోటలు వాళ్ళు గుమ్మం పక్కన పెట్టుకుంటారట, అందులో పూలమొక్క పెంచుతారట, అత్త పెట్టెలో పూలమొక్క, అత్త వింటే ఆ హోటలుకి వెళ్ళి ఆ మొక్కకి కూడా ఇస్త్రీ చేసి వచ్చేది.

నవ్వొచ్చింది, వచ్చిన నవ్వు సగంలోనే ఆగింది, ఎందుకంటే చేతిలో ఉన్నది మీసాల ఫోర్‌మన్ చొక్కా, రెండో అంతస్తు, నీలం గీతలది, పైపుల ఫ్యాక్టరీ మూతపడక ముందు ఆదివారాలు వేసుకునేవాడు, ఇప్పుడు అన్ని వారాలూ ఒకటే, ఈ మేడలో ఉన్నవాళ్ళు దాదాపు అందరూ ఆ ఫ్యాక్టరీ వాళ్ళే, తన కొడుకుతో సహా, గేటుకి తాళం వేసింది చలి మొదలయ్యే ముందే, ఆ పొద్దున అందరూ గేటు దాకా వెళ్ళి టిఫిను డబ్బాలతో వెనక్కి వచ్చి ఈ మెట్ల దగ్గరే నిలబడిపోయారు, ఎవరూ పైకి వెళ్ళరు, పైకి వెళ్తే పెళ్ళాంతో చెప్పాలి కదా, తను అప్పుడు ఏమంది, నిలబడితే కాళ్ళు పడిపోతాయి నాయనా, ఇస్త్రీ బట్టలు పట్టుకెళ్ళండి అని ఎవరి మూట వాళ్ళకిచ్చి పైకి తోసింది, ఆ రోజు నుంచి కూలీ ఇవ్వడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు, బట్టలతో పాటు చిన్న సంచిలో బొగ్గులు పంపుతారు, ఒకరు రొట్టె ముక్క పంపుతారు, ఒకరు ఉల్లిపాయలు, తనూ సరే అంది, బొగ్గులంటే పనికి పెట్టుబడి, రొట్టె అంటే పనికి కూలీ, చెల్లుకి చెల్లు.

కానీ అసలు ఫ్యాక్టరీయే లేనప్పుడు ఇస్త్రీ చొక్కాలెందుకు అని ఒకసారి అడిగితే ఫోర్‌మన్ మీసం దువ్వుకుంటూ, పని వెతుక్కోవడానికి వెళ్ళేవాడికే కదా మామ్మా మంచి చొక్కా కావాలి, పని ఉన్నవాడు ఏం తొడుక్కుంటే ఎవరడిగారు అన్నాడు, ఆ మాట అప్పుడు ఎంత బాగా నచ్చిందో ఇప్పుడు అంత గుచ్చుకుంటోంది, గోదాముల వీధికి వెళ్ళాడు, రేవులోకి వెళ్ళాడు, రైలు షెడ్డుకి వెళ్ళాడు, ఎక్కడా పని దొరకలేదు, ఎందుకు దొరుకుతుంది, వాడు గుమ్మం ఎక్కేసరికి చొక్కా ముడతలు పడి ఎవడో తాగుబోతులా కనిపిస్తే ఎవడిస్తాడు పని, అవతలివాడు చూసేది మొదట కాలరే కదా, తర్వాత కదా మనిషిని, ఇంతమంది మగవాళ్ళు ఇన్నిచోట్ల కాదనిపించుకుని రావడంలో తన చేతి పాపం ఎంతుందో అనుకుంటే పెట్టె పిడి చల్లబడ్డట్టయింది, చెయ్యి కూడా వణుకుతోంది, చలికే వణుకుతోందని ఇన్నాళ్ళు సర్దిచెప్పుకుంది, చలికి పళ్ళు కొట్టుకుంటాయి, చెయ్యి ఇలా పక్కకి ఎందుకు జారుతుంది, ముందు పెట్టె దించెయ్యాలి, ఇవాళే, ఇంకొక చొక్కా పాడుచేయక ముందే.

మరి మూల గది పిల్ల, అదొక్కటే ముల్లు, మూల గది బాలింత, ఈ మేడలో కింది అంతస్తులో ఎండ తగలని ఆ గదిలో చంటిదాన్ని వేసుకుని ఒక్కతీ ఉంది, మొగుడు ఫ్యాక్టరీ మూసిన వారమే ఎక్కడో దూరం గనుల్లో పనుందని వెళ్ళాడు, బిడ్డ మొహం కూడా చూడలేదు ఇంకా, ఆ పిల్ల నోట్లో నాలుక లేనట్టు కనిపిస్తుంది గానీ అభిమానం మాత్రం తాటి ప్రమాణం, ఫోర్‌మన్ భార్య రొట్టె పంపితే పళ్ళెం తళతళా కడిగి రొట్టెతో సహా వెనక్కి పంపింది, మాకుందక్కా అని, ఏముందో ఆ గోడలకి తెలియాలి, టైలరు ఊలు గుడ్డ ఇస్తే అదీ అంతే, ఎవరింటి నుంచీ ఏదీ పుచ్చుకోదు, ఒక్క తన దగ్గర తప్ప, తన దగ్గర కూడా పుచ్చుకునేది నిప్పులొక్కటే, సాయంత్రం పని ముగించాక పెట్టెలోనూ కుంపట్లోనూ మిగిలిన నిప్పుల మీద నీళ్ళు పొయ్యకూడదు, బాలింత ఉన్న ఇంటికి పంపాలి, అది అత్త పెట్టిన పద్ధతి, అత్తకి వాళ్ళత్త పెట్టిందట, తన పురుడప్పుడు కూడా ఈ బల్ల నిప్పులే పక్కన ఉన్నాయి, అందుకే ఆ పిల్ల కాదనలేదు, మిగిలిన నిప్పులు ఎవరివీ కావు కదా, బూడిదయ్యేవే కదా, రోజూ చీకటి పడుతుండగా మట్టి మూకుడు తెచ్చి బల్ల పక్కన నిలబడుతుంది, తల దించుకుని, తను నాలుగు నిప్పులు ఎక్కువే వేసి, కిటికీ ఓరగా తెరిచి పెట్టుకోవే, మూసుకుని పడుకున్నావంటే తెల్లారి లేవవు అని రోజూ అంటుంది, ఆ పిల్ల రోజూ అలాగే మామ్మా అంటుంది, ఇంకేం మాటలుండవు, బల్ల ఎత్తేస్తే ఆ మూకుడు ఎక్కడికి పోతుంది, పెట్టె లేని మామ్మ నిప్పులిస్తే అవి మిగిలినవి కావు, ఇచ్చినవి, ఇచ్చినవైతే ఆ పిల్ల ముట్టుకోదు.

ఈ ముల్లు తీసుకోలేక, ఆ పెట్టె ఉంచుకోలేక పొద్దున సగం గడిచిపోయింది, చివరికి ఏమనుకుందంటే ముందు ఫోర్‌మన్‌ని అడిగెయ్యాలి, మొహం మీద అడిగెయ్యాలి, నాయనా నా ఇస్త్రీ ఎన్నాళ్ళ నుంచి నిలవడం లేదో చెప్పు, నన్ను క్షమించు, ఈ బొగ్గులు నువ్వే ఉంచుకో అని వాళ్ళు పంపిన సంచి వాళ్ళకే ఇచ్చేసి రావాలి, తర్వాత ఆ హోటలు వాళ్ళు మొక్కే పెంచుకోనీ ముళ్ళకంపే పెంచుకోనీ, ఈ నిశ్చయం కుదిరేసరికి ప్రాణం కాస్త తేలికపడింది, సంచి తీసుకుంది, అత్తయ్యా ఎక్కడికి అని కోడలు వంటగదిలోంచి ఒక్క ఉదుటున వచ్చింది, పైకి, ఎందుకు, పనుంది, ఏం పని నేను వెళ్తానుగా మీ మోకాళ్ళు అసలే, నా మోకాళ్ళు నేను తీసుకెళ్తాలే, నీ కూర మాడుతోంది చూసుకో, అంటూ మెట్ల కమ్మీ పట్టుకుంది, ఇనప కమ్మీ అరచేతికి అతుక్కుపోయేంత చల్లగా ఉంది, ఇన్నేళ్ళు ఈ మెట్ల కింద బతికింది గానీ ఎక్కింది ఎన్నిసార్లని, అందరూ కిందికే వస్తారు తన దగ్గరికి, మూటలతో, మాటలతో, తగువులతో, ఎవరి పెళ్ళాం ఎవరితో అలిగిందో బట్టలు చూస్తేనే చెప్పగలదు తను, అలిగినవాళ్ళు జేబులు ఖాళీ చెయ్యకుండా పంపేస్తారు, ఈ నాలుగు రోజుల బట్టల్లో మాత్రం ఏమీ చదవలేకపోయింది, జేబుల్లో ఒక టిక్కెట్టు ముక్క లేదు, పొగాకు పొడి లేదు, ఆ సంగతి ఇప్పుడు తట్టింది, మెట్ల మధ్యలో ఊపిరి తీసుకుంటుంటే, పనికోసం ఊరంతా తిరిగినవాడి జేబులో ఏదో ఒకటి ఉండదా.

ఫోర్‌మన్ ఇంటి తలుపు ఓరగా తీసి ఉంది, పొయ్యి పొగ పోవడానికి కాబోలు, తలుపు తట్టబోయిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది, లోపల నేల మీద ఫోర్‌మన్ బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు, ముందు ఒక చొక్కా, తెల్లది, నిన్న సాయంత్రం తను మడతపెట్టి ఇచ్చినదే, తన మడతే, ఎడమ చేతి మడత ముందు లోపలికి పోయే మడత ఈ ఊళ్ళో ఇంకెవరు వేస్తారు, దాన్ని విప్పి రెండు చేతులతో పిండి పిసికినట్టు పిసుకుతున్నాడు, ఆ పెద్ద మీసం మీద చెమట పట్టింది, ఈ చలిలో, పక్కన భార్య గిన్నెలో నీళ్ళు పెట్టుకుని వేళ్ళతో చిలకరిస్తోంది, చిన్నకూతురు గోడ దగ్గర నిలబడి నా వంతెప్పుడు నా వంతెప్పుడు అని గంతులేస్తోంది, మామ్మకి కళ్ళు మసకే గానీ చెవులు పాముచెవులు, భార్య అంటోంది, అలా ఉండచుడితే కాదండీ మెలిపెట్టండి, నిన్న డ్రైవరుగారింటి ప్యాంటు మామ్మ ముక్కు దగ్గర పెట్టుకుని చూసిందట, కోడలు పిల్ల చెప్పింది, గుండె ఆగినంత పనయిందట దానికి, ఫోర్‌మన్ అంటున్నాడు, నువ్వుండవే, ఇనప పైపుల్ని వంచిన చేతులే ఇవి, ఆవిడ పెట్టిన మడత మాత్రం వంగనంటోంది, నీళ్ళు కొట్టినా చావదు, రాత్రంతా పరుపు కింద వేసి పడుకుంటే పొద్దుటికి ఇంకా నిటారుగా తయారైంది, ఆ చేతిలో ఏముందో గానీ మా ఫ్యాక్టరీ ప్రెస్సు కూడా పనికిరాదు.

మామ్మ గోడకి ఆనుకుంది, మడత చావదట, చావదట, ఆ ఒక్క మాట ఒంట్లో ఎక్కడెక్కడికో పాకింది, వేడి టీ దిగినట్టు, చెయ్యి ఎత్తి చూసుకుంది, అదే చెయ్యి, నరాలు తేలి, బొటనవేలు పక్కన పాత కాలిన మచ్చతో, పోలేదే నువ్వు, పోలేదు, అని దానితో చెప్పబోతుంటే లోపల నుంచి భార్య మళ్ళీ, అందుకే అంటున్నా గట్టిగా నలపండి, ఈవేళ మన వంతు, రేపు టైలరు వాళ్ళది, ఒక్కరోజు బల్ల ఖాళీగా కనిపించినా పెట్టె అమ్మేస్తానని కూర్చుంటుంది ఆవిడ, అసలే ఎవడో వస్తున్నాడట మధ్యాహ్నం, పెట్టె పోతే ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది, కొడుక్కేమో రోజూ కూలి దొరకదు, మూల గది పిల్లకి నిప్పులెవరిస్తారు, మనం బొగ్గులు పట్టుకెళ్తే పుచ్చుకుంటుందా, ఆవిడ చేతి మీదుగా వెళ్తేనే పుచ్చుకుంటుంది.

అప్పుడు ఆ వేడంతా ఒక్కసారి తలకెక్కింది, ఓహో, అదా సంగతి, వంతులు వేసుకుని పోషిస్తున్నారన్నమాట, తను తిన్న రొట్టె పని చేసి తిన్నది కాదన్నమాట, ముష్టి, అందంగా మడతపెట్టి నీలం గీతల చొక్కాలో చుట్టిన ముష్టి, తన ఇంట్లో తను తిండి పెట్టిన కోడలే ఇందులో పెద్ద గూఢచారి, ఇన్నేళ్ళ బతుకులో ఒకరి ముందు చెయ్యి చాచలేదు, ఆయన పోయినప్పుడు కూడా కర్మ చేసిన మర్నాడే పెట్టె రాజేసింది, తలుపు తోసి లోపలికి వెళ్ళి ఈ సంచి వాళ్ళ మధ్యన దభీమని పడేసి నాలుగు కడిగేస్తే గానీ కడుపుమంట చల్లారదు, తోసేదే, అరచెయ్యి తలుపు మీద పెట్టింది కూడా, సరిగ్గా అప్పుడు లోపల ఫోర్‌మన్, ఇక నీ వంతు రావే రాక్షసీ, తొక్కు, అన్నాడు, ఆ చిన్నది ఎగిరి చొక్కా మీద పడింది, రెండు కాళ్ళతో, జారి నాన్న ఒళ్ళో వెల్లకిలా పడింది, పడి నవ్వింది, తల్లి నవ్వింది, ఫోర్‌మన్ నవ్వాడు, మీసం ఊగిపోయేలా నవ్వాడు, మామ్మ చెయ్యి తలుపు మీద అలాగే ఉండిపోయింది, ఫ్యాక్టరీ మూసినప్పటి నుంచి ఈ మనిషి నవ్వగా వినలేదు తను, మెట్లు దిగేటప్పుడు అడుగుల చప్పుడు వింటుంది కదా కింద నుంచి, మునుపు రెండేసి మెట్లు దూకుతూ దిగేవాడు, ఇప్పుడు ముసలాడిలా దిగుతాడు, ఎక్కేటప్పుడు ఇంకా నెమ్మదిగా, ఎక్కడా పని లేదని చెప్పడానికి ఎక్కేవాడు ఎలా ఎక్కుతాడు మరి, అలాంటివాడికి ఇప్పుడు ఒక పని ఉంది, ఈ దిక్కుమాలిన చొక్కాని నలపడం, అందులో చెయ్యి తిరగాలి, మెలకువ కావాలి, మామ్మ ముక్కుకి దొరకకుండా తప్పించుకోవాలి, పెళ్ళాం పక్కన కూర్చుని సలహాలు చెప్పాలి, పిల్ల తొక్కాలి, దీన్ని తను తలుపు తోసి ఆపెయ్యగలదు, ఒక్క తోపు చాలు, ఆ తర్వాత ఆ ముగ్గురూ ఆ గదిలో ఏం చేస్తారు, పొయ్యి వైపు చూస్తూ కూర్చుంటారు.

సంచి చంకలో పెట్టుకుని ఎలా ఎక్కిందో అలాగే దిగింది, పిల్లిలా, చప్పుడు కాకుండా, మోకాళ్ళు ఏమన్నా అరుచుకున్నాయేమో ఆవిడ వినలేదు, కోడలు మెట్ల చివర నిలబడి ఉంది, మొహంలో నెత్తుటి చుక్క లేదు, ఏమన్నారు అత్తయ్యా అని అడిగింది, ఎవరూ లేరే, తలుపేసి ఉంది, ఊరికే కాళ్ళు నొప్పి అంది మామ్మ, సంచి బల్ల కింద యథాస్థానంలో పెట్టి, కోడలు ఒక్క క్షణం చూసింది, తనూ చూసింది, కూర నిజంగానే మాడిందే వాసన వస్తోంది అంది మామ్మ, కోడలు పరుగెత్తింది, నవ్వాపుకుంటూ పరుగెత్తిందా ఏడుపాపుకుంటూ పరుగెత్తిందా వెనక నుంచి తెలియలేదు, మంచిదే, అడగకూడనివి కొన్ని ఉంటాయి, ఆ పిల్లకీ తనకీ మధ్య ఇన్నేళ్ళలో ఇలాంటి అబద్ధం మొదటిసారి, చాలా కుదురుగా ఉంది.

కొట్టు మనిషి వచ్చాడు, చెవుల మీదుగా మఫ్లరు చుట్టుకుని, పెట్టెని అటూ ఇటూ తిప్పి, బాగా పాతది, పనికిరాదు, అయినా మీ మొహం చూసి తీసుకుంటాను అన్నాడు, నా మొహం అంతకంటే పాతది నాయనా, అది అమ్మడం లేదు, పెట్టె కూడా అమ్మడం లేదు అంది మామ్మ, అదేంటి పిలిపించింది మీరే కదా, పిలిపించాను, చలిలో వచ్చావు, ఇలా నిప్పుల దగ్గర చేతులు కాచుకుని వెళ్ళు, హోటలు వాళ్ళకి చెప్పు, మొక్కకి కుండీ కావాలంటే కుమ్మరి దగ్గర దొరుకుతుందని, అతను ఏదో గొణిగాడు గానీ చేతులు మాత్రం కాచుకున్నాడు, మఫ్లరు విప్పి మోకాళ్ళ దగ్గర పెట్టుకుని చాలాసేపే కాచుకున్నాడు, వెళ్ళేటప్పుడు, రేపు ఈ కోటు తెస్తాను మామ్మా, ఇస్త్రీ చూసి చాలా రోజులైంది దానికి అన్నాడు, వంతులో వాడి పేరు కూడా ఉందేమోనని ఒక్క క్షణం అనుమానంగా చూసింది, లేదులే, ఆ కోటు నిజంగానే కోటు, ఒంటి మీదే నలిగి ఉంది.

ఇక నీలం గీతల చొక్కా, పెట్టె తీసుకుంది, పిడి చేతిలో సరిగ్గా ఇమిడింది, నీళ్ళు చల్లింది, చుయ్యిమని ఆవిరి లేచి మొహానికి తగిలింది, ముడతలు ఎంత పట్టుగా పడ్డాయంటే ఫోర్‌మన్ ఎంత తంటాలు పడి ఉంటాడో తెలుస్తోంది, దీన్ని కూడా ఆ చిన్నది తొక్కినట్టుంది, మోచేతి దగ్గర ఒక చిన్న కాలి ముద్ర ఉంది, మసక కళ్ళకి కూడా కనిపించేంత, ఐదు వేళ్ళతో సహా, దాన్ని చూసి నవ్వుకుంది, ఈసారి మడత కాస్త మెత్తగా వేద్దామా పాపం, ఆ మనిషికి నలపడం తేలికవుతుంది అనుకుంది, ఛ, అదేం మాట, మెత్తటి మడత ఈ చేతికి రాదు, ఇంకా గట్టిగా వేస్తుంది, కత్తిలా వేస్తుంది, వంచుకోనీ, ఇనప పైపులు వంచిన చేతులట, చూద్దాం.

మామ్మా, అన్న పిలుపుకి తలెత్తింది, మూల గది పిల్ల, చంటిదాన్ని కంబళిలో చుట్టి భుజాన వేసుకుని, ఇంకా మధ్యాహ్నమే, నిప్పులకి వేళ కాలేదు, చేతిలో మూకుడు లేదు, చంకలో ఏదో బట్ట, తల ఎప్పటిలాగే దించుకునే ఉంది గానీ గొంతు మాత్రం వేరేగా ఉంది, ఎన్నోసార్లు చెప్పుకుని వచ్చినట్టు, ఇది కాస్త ఇస్త్రీ చెయ్యాలి మామ్మా అంటూ బల్ల మీద పెట్టింది, చొక్కా, మగవాళ్ళ చొక్కా, నలిగి నలిగి ముద్దయి ఉంది, మామ్మ పెట్టె పక్కన పెట్టి, మీ ఆయన వచ్చాడా అమ్మాయ్ అని అడిగింది, లేదు మామ్మా అంది ఆ పిల్ల, అని ఊరుకోకుండా, ఊరికే, బట్టల పెట్టెలో ఉండి నలిగింది అంది, పెట్టెలో ఉన్న చొక్కా మడత మీద నలుగుతుంది గానీ ఇలా తడిపి మెలిపెట్టినట్టు నలుగుతుందా, అడగలేదు, ఆ పిల్ల ఇంకో చేతి గుప్పిట తెరిచి కాగితం పొట్లం ఒకటి చొక్కా పక్కన పెట్టింది, కూలీ మామ్మా, తక్కువే, అంది, పొట్లంలో బొగ్గులు, సగం కాలి ఆర్పినవి, తన కుంపటి బొగ్గులే, రోజూ సాయంత్రం తను వేసే నిప్పుల్లోంచి బిడ్డ పక్క వెచ్చబడగానే ఒక్కటొక్కటి తీసి ఆర్పి దాచినవి.

నీ మొహం, తీసుకెళ్ళు ఇవి, బిడ్డకి చలి, అని నోటి చివరి దాకా వచ్చింది, పళ్ళెం వెనక్కి తోసేసే మాట, ఎంత సులువుగా వచ్చిందో, వచ్చిన దాన్ని వచ్చినట్టే మింగింది మామ్మ, మింగుతుంటే తెలిసింది ఈ పిల్ల రోజూ చీకటి పడుతుండగా మూకుడు పట్టుకుని నిలబడి ఏం మింగుతోందో, పెట్టెలో మిగిలే నిప్పులెన్నో, మూకుట్లో పడేవి ఎన్నో దీనికి తెలియదా, నాలుగెక్కువ వేస్తున్న సంగతి మొదటి రోజే తెలుసు దీనికి, అయినా తీసుకుంది, బిడ్డ కోసం కొంత, మామ్మ కోసం కొంత, రోజూ తల దించుకుని తీసుకుంది, ఎవరూ పిలవకుండా ఎవరూ చెప్పకుండా తన వంతు తనే వేసుకుని ఇవాళ వచ్చింది, మామ్మ రెండు చేతులూ చాపి పొట్లం అందుకుంది, జీవితంలో మొదటిసారి, బరువు చూసినట్టు ఒకసారి ఎత్తి, సరిపోయిందే, ఒక్క చొక్కాకి ఎక్కువే ఇచ్చావు, సాయంత్రం తీసుకెళ్ళు, మడత కత్తిలా ఉంటుంది, మీ ఆయన వచ్చి తొడుక్కునే దాకా చెక్కు చెదరదు, అంది, ఆ పిల్ల తల ఎత్తింది, అలాగే మామ్మా అంది, ఎప్పటి మాటే, మామ్మ పొట్లంలోని బొగ్గులు కుంపట్లోకి వంపింది, ఒకసారి కాలిన బొగ్గు తొందరగానే అంటుకుంటుంది, అంటుకుంది, చంటిది ఆ వెలుగు వైపు మొహం తిప్పింది, మామ్మ ఆ చొక్కా ఎడమ చేతిని బల్ల మీద పరుస్తూ ఒక్కటే అనుకుంది, ఈ పిల్ల కూడా వంతులో ఉంది, నేను కూడా.